ఆడేషస్ అంటే మెచ్చుకోలా, తిట్టా?

  నేను ఐన్ ఖాలిద్ నుంచి మాట్లాడుతున్నాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, ఇది దోహా ఊరికి నైరుతి మూల, సల్వా రోడ్డు పక్కన ఉండే పేట. అరబ్బీలో ఐన్ అంటే కన్ను. నీటి ఊట అని కూడా అర్థం ఉంది. ఖాలిద్ గారి ఊట అన్నమాట. ఇప్పుడు ఊట ఎక్కడుందో నాకైతే కనపడలేదు గానీ విల్లాలు, గోడకు ఆనుకుని బఖాలాలు, వాటి ముందు హారన్ కొట్టి కరక్ చాయ్ తెప్పించుకునే కార్లు మాత్రం బోల్డు.

చూశారా, మొదట్లోనే ఒక మాట దొర్లిపోయింది. మా కోనసీమలో బోల్డు అంటే చాలా అని. బోలెడు నలిగి బోల్డు అయింది. మా అమ్మాయి దగ్గర ఈ మాట అంటే పడీపడీ నవ్వుతుంది. "బోల్డు జనం" అంటే ఊరంతా వీరులే అనుకుందిట.

ఇవాళ్టి కబురు కూడా ఆ చుట్టుపక్కలదే. నేను పండితుణ్ణి కాను. ఎమ్మెస్ చేశాను గానీ అది కంప్యూటర్ల మీద. రోజంతా కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్లు పెట్టించడం, అవి పనిచెయ్యకపోతే మాటలు పడటం నా ఉద్యోగం. కాబట్టి నేను చెప్పేది నిఘంటువులు తిరగేసిన ఒక తండ్రి గోడు అనుకోండి. ఎందుకు తిరగేశానో చెబుతాను.

సెప్టెంబరు మొదటి వారంలో ఒక రోజు మా అమ్మాయి స్కూలు డైరీ తెచ్చి నా ముందు పెట్టింది. ఐదో తరగతి. క్లాస్ టీచర్ ఇంగ్లీషులో రెండే వాక్యాలు రాశారు. మీ అమ్మాయి ఇవాళ రిహార్సల్లో చాలా ఆడేషస్‌గా ఉంది, గురువారం వచ్చి నన్ను కలవండి, అంతే. కింద సంతకం.

నేను రెండుసార్లు చదివాను. ఈ మాట నాకు కొత్తేం కాదు. ఆఫీసులో నెలకోసారి వింటూనే ఉంటాను. కానీ డైరీలో పదేళ్ళ పిల్ల పేరు పక్కన చూసేసరికి, ఇది మెచ్చుకోలా తిట్టా అన్నది తేలలేదు. మా ఆవిడది జగిత్యాల. ఆవిడ చూసి, "అంటే ధైర్యమున్నదని గదా, మంచిగనే రాసిన్రు" అంది. ఆవిడ మొహంలో గర్వం కనపడుతోంది. నాకు మాత్రం "గురువారం వచ్చి కలవండి" అన్న ముక్క గొంతులో అడ్డం పడింది. మెచ్చుకోడానికి ఎవరూ పిలిపించరు కదండీ.

జరిగిందేమిటంటే, టీచర్స్ డేకి డాన్సు రిహార్సల్. పొద్దున్న పది దాటాక పిల్లల్ని ఆరుబయట నిలబెట్టారు. సెప్టెంబరులో దోహా ఎండ సంగతి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పాట పెట్టే స్పీకరు పాడయింది. బాగుచేసేదాకా వరసల్లోనే ఉండమన్నారు. ముందు వరసలో ఒకటో తరగతి పిల్లలు. మా పిల్ల వరసలోంచి బయటికొచ్చి సూపర్‌వైజరుగారి దగ్గరికి వెళ్ళి, "మేడమ్, పది నుంచి మూడున్నర దాకా బయట పనిచేయించకూడదని రూలుంది కదా" అందిట. ఆవిడ వెళ్ళి వరసలో నిలబడమన్నారు. ఇది వెళ్ళి నిలబడలేదు. ఒకటో తరగతి పిల్లల్లో ఇద్దరి చేతులు పట్టుకుని వరండా నీడలోకి నడిచింది. మిగతావాళ్ళు దాని వెనకే వెళ్ళిపోయారు. వరస మొత్తం ఖాళీ.

ఆ రూలు దానికెలా తెలుసంటారా? నేనే చెప్పాను. కారులో వెళ్తుంటే మధ్యాహ్నం కట్టడాల దగ్గర ఎవరూ లేరేమని అడిగితే చెప్పాను. ఖతార్లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదు. 2021లో ఈ వేళలు పెంచారు. అంతకుముందు 11:30 నుంచి 3 దాకానే ఉండేది, అదీ జూన్ 15 నుంచి ఆగస్టు ఆఖరు వరకే. ఆ రూలు కూలీల కోసం పెట్టింది, బడిపిల్లల డాన్సుకి వర్తిస్తుందో లేదో నాకు తెలియదు. మా పిల్లకి అంత తేడా తోచలేదు.

సరే, మాట దగ్గరికి వద్దాం. ఆ రాత్రి అందరూ పడుకున్నాక నిఘంటువులు తెరిచాను. ఆడేషస్ అన్న మాటకి మూలం లాటిన్‌లో సాహసించడం అనే క్రియ. ఆ క్రియకి కూడా వెనక ఆశ, ఆత్రం అనే అర్థం ఉందంటారు. అంటే ఏదో గట్టిగా కావాలనుకున్నవాడే సాహసిస్తాడన్నమాట. ఆడియో అన్న మాటకీ దీనికీ చుట్టరికం లేదు, అది వినడం నుంచి వచ్చింది. ఈ ప్రసంగం రికార్డు చేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ పేరు ఆడాసిటీ. 2000లో విడుదలైంది, ఉచితం. ఆడియోకీ ఆడాసిటీకీ ముడిపెట్టి పేరు పెట్టినవాళ్ళ చమత్కారం నాకు ఇన్నేళ్ళకి ఇప్పుడు అర్థమైంది.

ఇంగ్లీషు నిఘంటువులు ఈ మాటకి రెండు అర్థాలు పక్కపక్కనే ఇస్తాయి. ఒకటి, వెరపులేని సాహసం గలవాడు. రెండు, పెద్దాచిన్నా లేకుండా ఎదురుతిరిగే అమర్యాదస్తుడు. ఒకటి దండ వెయ్యడానికి, రెండోది చెంప వాయించడానికి. ఒకే మాట!

పర్యాయపదాలు వెతికాను. ఇక్కడొక చిన్న ముచ్చట. ఇంగ్లీషు పర్యాయపదాలకి పెద్ద దిక్కయిన రోజే గారి థెసారస్ 1852లో లండన్‌లో వెలువడింది. మన బ్రౌన్ దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చిందీ 1852లోనే. ఒకాయన మాటల్ని అర్థాల వారీగా గుంపులు కట్టాడు, ఇంకొకాయన మన మాటల్ని అక్షరాల వరసలో పేర్చాడు. ఆ పుస్తకాలు రెండూ ఇప్పుడు నా ఫోన్‌లో ఉన్నాయి, నా గతి చూడండి. అర్థాల వారీగా గుంపులు కట్టడం మనకి కొత్తేం కాదు లెండి, అమరకోశం చేసిందదే. చిన్నప్పుడు మా తాతగారు శ్లోకాలు వల్లె వేయించబోతే నేను పెరటి దారిన పారిపోయేవాణ్ణి. ఇప్పుడు అనుభవిస్తున్నాను.

రోజే గారి పుస్తకంలో ధైర్యం, పిరికితనం, దుడుకుతనం, జాగ్రత్త, ఈ నాలుగూ ఒకే వీధిలో ఇళ్ళలాగా వరసగా ఉంటాయి. అమర్యాద మాత్రం ఎక్కడో దూరంగా వేరే పేటలో. మన ఆడేషస్ గారికి ఆ పేటలో కూడా ఒక ఇల్లుంది.

కొన్ని మాటల పుట్టుక చెబుతాను, పిల్లలకి చెప్పుకోడానికి పనికొస్తాయి. కరేజ్ అన్న మాట లాటిన్‌లో గుండె అన్న మాట నుంచి పుట్టింది. మనం గుండెధైర్యం అంటామే, అదే ఊహ. ఇంట్రెపిడ్ అంటే వణుకు లేనివాడు. 1969లో చంద్రుడి మీద దిగిన అపోలో 12 వాహనానికి ఆ పేరే పెట్టారు. డాంట్‌లెస్ అంటే లొంగదీసుకోవడం కుదరనివాడు, దాని మూలంలో పశువుల్ని మచ్చిక చెయ్యడం ఉంది. వీటన్నిటిలో ఒక్క పోలిక గమనించండి. ఇవన్నీ మనిషి లోపల ఏముందో చెబుతాయి. గుండె ఉందా, వణుకుందా, లొంగుతాడా అని. ఎదుటివాడు ఎవరన్నది వీటికి అక్కర్లేదు. ఎదురుగా పులి ఉండొచ్చు, కొండ ఉండొచ్చు, ఎవరూ లేకపోవచ్చు.

ఆడేషస్‌కి అలా కుదరదు. దానికి ఎదురుగా ఒక అధికారం ఉండాలి. ఒక పెద్దమనిషో, ఒక రూలో, ఒక గేటో. దాన్ని లెక్కచెయ్యకపోతేనే ఈ మాట అంటుకుంటుంది. నిజామాబాదు జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆ పిల్లని సాహసి అంటాం, అమ్మో ఎంత గుండె అంటాం. కానీ ఎవరెస్టుకి కోపం రాదు కదా! ఆ లక్ష్యాన్ని ఆడేషస్ అనొచ్చేమో గానీ ఆ పిల్లని అలా అంటే అతకదు.

అల్లూరి సీతారామరాజు దగ్గరికి రండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీసు ఠాణాలు. అది ధైర్యం. కానీ పట్టుకెళ్ళిన తుపాకుల లెక్క రాసి పెట్టి వెళ్ళడం, ఆ తర్వాత ఫలానా రోజున వస్తున్నాం కాచుకోండని ముందే కబురు పెట్టడం, అది ఆడేషస్. దొంగచాటుగా వస్తే తుపాకులు మాత్రమే పోతాయి. చెప్పి వస్తే సర్కారు పరువు కూడా పోతుంది. ఇంగ్లీషులో ఈ మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అయితే ఆ రాత్రి నాకు బాగా దగ్గరగా అనిపించింది ఇంకొకరు. 1923 డిసెంబరు, కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు. ఖద్దరు ప్రదర్శన పెట్టారు. లోపలికి వెళ్ళాలంటే టికెట్టుండాలి. గేటు దగ్గర కాపలా ఒక వాలంటీరు అమ్మాయి. రాజమండ్రిలో పుట్టింది, వయసు పద్నాలుగు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు. టికెట్టు లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి ఎవరనుకున్నావు ఈయన్ని అని కేకలేశారు. తనకి చెప్పిన పని టికెట్టు లేనివాళ్ళని ఆపడం, అదే చేశానంది. చివరికి టికెట్టు కొన్నాకే లోపలికి వెళ్ళనిచ్చింది. నెహ్రూ ఆ పిల్లని మెచ్చుకున్నాడు. ఆమే దుర్గాబాయి. తర్వాత కాలంలో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, రాజ్యాంగ సభలో కూర్చుని, ప్రణాళికా సంఘంలో సభ్యురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఈ కథ మనందరం పిల్లలకి చెబుతాం. నేనూ చెప్పాను. కానీ ఆలోచించండి, నెహ్రూకి ఆవేళ చిరాకు వచ్చి ఉంటే? ఆ నిర్వాహకుల్లో ఒకాయన వాళ్ళింటికి వెళ్ళి మీ పిల్లకి పెద్దా చిన్నా తెలియదని చెప్పి ఉంటే? చేసిన పని అదే, పిల్ల అదే. మాట మాత్రం మారిపోయేది. ఆడేషస్ అన్న మాటకి మొదటి అర్థమా రెండో అర్థమా అన్నది చేసినవాళ్ళ చేతిలో లేదండీ, అవతలివాడి మొహంలో ఉంది.

మర్నాడు పొద్దున్నే అమలాపురం ఫోన్ చేశాను. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. "వాళ్ళ టీచరు ఆడేషస్ అని రాశారమ్మా" అంటే, "ఆడేసుకుందా? ఎవర్ని?" అంది. పూర్తిగా తప్పు కూడా కాదనుకోండి! జరిగింది చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తెంపరి పిల్లరా నాన్నా అది" అంది. వెనకనుంచి మా అమ్మాయి, "మామ్మా, తెంపరి అంటే మంచా చెడ్డా?" అని అరిచింది. మా అమ్మ ఏమందో తెలుసా? "నేనంటే మంచిదే. బయటివాళ్ళంటే మాత్రం చెయ్యి చేసుకో" అంది. ఆ రాత్రంతా నిఘంటువుల్లో నేను వెతికింది మా అమ్మ ఒక్క ముక్కలో చెప్పేసింది.

తెంపరి అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. తెగు అన్న ధాతువు. తాడు తెగింది, దారం తెగింది అంటామే, అదే. తెగువ, తెగింపు, తెంపు, తెంపరి, అన్నీ ఆ ఇంటి పిల్లలే. తెలుగువాడి దృష్టిలో సాహసం అంటే కట్టుతాడు తెంపుకోవడం. ఇంతసేపూ ఏదో పట్టి ఉంచింది, ఇప్పుడు తెగింది. ఆ ఇంట్లోనే మంచి చెడ్డలు రెండూ ఉన్నాయి. తెగువ అంటే పొగడ్త. తెగింపు అటూ ఇటూ ఊగుతుంది. తెగబడటం మాత్రం అచ్చమైన చెడ్డ, పేపర్లో దాడికి తెగబడ్డారనే రాస్తారు గానీ దానానికి తెగబడ్డారని ఎవరూ రాయరు.

చొరవ ఇంకో అందమైన మాట. చొచ్చుకుపోవడం, లోపలికి ప్రవేశించడం దాని మూలం. పిలవకుండా లోపలికి వచ్చినవాడన్నమాట. అందుకే చొరవ మితంగా ఉంటే చురుకైనవాడంటాం, కాస్త ఎక్కువైతే చొరవ తీసుకుంటున్నాడని మూతి ముడుస్తాం. ధైర్యం వేరు. అది ధీరుడి గుణం, అందులో నిలకడ ఉంది. కదలకుండా నిలబడటం ధైర్యం, కదలడం తెగువ. మా పిల్ల వరసలో ఎండకి ఓర్చుకుని నిలబడి ఉంటే ధైర్యం అయ్యేదేమో!

ఇక సాహసం. ఈ మాట చరిత్ర తెలిశాక నేను కొంచెం అవాక్కయ్యాను. పాత ధర్మశాస్త్రాల్లో సాహసం అంటే నేరం. బలప్రయోగంతో చేసే దౌర్జన్యం. దొంగతనం చాటుగా చేసేది, సాహసం ఎదురుగా చేసేది. నేరానికి వేసే జరిమానాలకి కూడా ఆ పేరే, ప్రథమ సాహసం, మధ్యమ సాహసం, ఉత్తమ సాహసం అని మూడు రకాలు. అలాంటి మాట ఇవాళ బాలలకిచ్చే పతకాల మీద ఉంది. పేపర్లలో చూడండి, ప్రభుత్వం చేసింది మనకి నచ్చితే సాహసోపేత నిర్ణయం, నచ్చకపోతే దుందుడుకు చర్య. ఇంకొకటి. సాహసం, సహనం, రెండూ సంస్కృతంలో ఒకే ధాతువు నుంచి వచ్చినవి. ఓర్చుకోవడానికీ మీద పడటానికీ ఒకే బలం కావాలని ఆ కాలం వాళ్ళు అనుకున్నారో ఏమో.

సాహసం అనగానే మనకి పాతాళభైరవి గుర్తొస్తుంది. 1951 సినిమా. నేపాళ మాంత్రికుడు తోటరాముడితో అనే మాట మీ అందరికీ వచ్చు, నేను చెప్పను. కానీ ఎప్పుడైనా ఆలోచించారా, ఆ మాంత్రికుడు సాహసం చెయ్యమని ప్రోత్సహించింది ఎందుకు? ఆ కుర్రాణ్ణి బలివ్వడానికి! సాహసవంతుడైతేనే బలికి పనికొస్తాడు కాబట్టి.

నాకిది ఆఫీసులో అనుభవం. 1994లో జిమ్ కాలిన్స్, జెర్రీ పోరస్ అనే ఇద్దరు ఒక పుస్తకం రాశారు, కంపెనీలు పెద్ద పెద్ద ఆడేషస్ లక్ష్యాలు పెట్టుకోవాలని. ఆ పుస్తకం తప్పేమీ కాదు, వాళ్ళు మాట్లాడింది పదేళ్ళు, పాతికేళ్ళు పట్టే లక్ష్యాల గురించి. మన దగ్గరికి వచ్చేసరికి అది స్లైడు మీద మాటయింది. పోయిన ఏడాది నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో పధ్నాలుగు వారాల పనిని ఎనిమిది వారాల్లో ముగించాలన్నారు. స్లైడు మీద పెద్ద అక్షరాలతో ఆడేషస్ టార్గెట్ అని. గదిలో పన్నెండుమందిమి ఉన్నాం. పాత డేటా కొత్త సిస్టంలోకి ఎక్కించి ఒక్కసారి కూడా సరిచూడలేదని నాకు తెలుసు. సరిచూడాల్సినవాణ్ణి నేనే కనక. ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగారు. నేను తలకాయ ఊపాను. అడ్డంగా కాదు, నిలువుగా.

ఎందుకూ అంటే, నా వీసా ఆ ఉద్యోగం మీద ఉంది. మా ఆవిడదీ పిల్లదీ నా మీద ఉంది. ఇంటి అద్దె, స్కూలు ఫీజు, అమలాపురంలో కడుతున్న పై అంతస్తు. ఖతార్లో ఉద్యోగం మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేదని 2020లో చట్టం మారింది, నిజమే. చట్టం మారినంత తేలిగ్గా నాలుక తిరగలేదు. వ్యవహారం బెడిసికొట్టింది. రెండు శుక్రవారాలు, రెండు శనివారాలు ఆఫీసులోనే పడుకున్నాను. అప్పుడు మా అమ్మాయి అడిగింది, "నాన్నా, నీకు ముందే తెలుసు కదా, మరి ఎందుకు చెప్పలేదు?" అని. చిన్నపిల్లవి నీకు తెలియదులే అన్నాను.

డైరీ వచ్చిన రోజున నాకు ఆ మాట గుర్తొచ్చింది.

మా మామగారు పాతికేళ్ళు దుబాయిలో పనిచేశారు. అప్పు చేసి, ఏజెంటుకి డబ్బు కట్టి, అరబ్బీ ముక్క రాకుండా విమానం ఎక్కిన తరం. కరీంనగర్, నిజామాబాదు వైపు నుంచి, మా కోనసీమ, కడప నుంచి అలా ఎంతమంది వచ్చారో మీకు తెలుసు. తెగించినవాడికి తెడ్డే లింగం అని సామెత. వాళ్ళది నిజమైన తెగింపు. కానీ విమానం దిగిన క్షణం నుంచి వాళ్ళు నేర్చుకున్నది తల వంచుకుని ఉండటం. వచ్చేదాకా తెగువ, వచ్చాక అణకువ. మా ఆవిడ వాళ్ళ నాన్నకి ఈ సంగతి చెబితే ఆయన, "బిడ్డకు హిమ్మత్ ఉన్నది, మంచిదే. గని పరాయి దేశంల జర పైలం" అన్నారు. హిమ్మత్, దమ్ము, ఇవి తెలంగాణలో ఉర్దూ మీదుగా వచ్చిన మాటలు. దమ్ము అంటే ఫారసీలో ఊపిరి. ఊపిరి ఉన్నవాడికే దమ్ము ఉంటుంది.

మా కింది వాటాలో ఒక సూడాన్ కుటుంబం ఉంది. ఆయన అరబ్బీ బోధిస్తారు. ఆడేషస్‌ని మీ భాషలో ఏమంటారని అడిగితే జరీ అన్నారు. పట్టుచీర జరీ కాదండీ! ఆడపిల్లయితే జరీఆ. మెచ్చుకోలేనా అంటే చెయ్యి అటూ ఇటూ తిప్పి నవ్వారు. అక్కడా అంతే. అన్ని భాషల్లోనూ ఈ మాటకి రెండు మొహాలు ఉండటం నాకు కొంత ఊరట, కొంత బెంగ. ఒకటి మాత్రం చెప్పాలి. మన ఇళ్ళలో ఈ రెండు మొహాల్లో ఒకటి మగపిల్లలకీ రెండోది ఆడపిల్లలకీ పంచేస్తాం. అదే పని మా అన్నయ్య కొడుకు చేసి ఉంటే చొరవగల కుర్రాడు అనేవాళ్ళం. ఆడపిల్ల కాబట్టి తెంపరి, పెంకి, నోటి దురుసు. మా అమ్మ ముద్దుగానే అంది, కాదనను. అయినా ఆ మాటల చిట్టా చూస్తే తేడా కనపడుతుంది.

గురువారం వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్షమాపణ వాక్యాలు ఇంగ్లీషులో దారంతా వల్లె వేసుకుని మరీ. క్లాస్ టీచరు చిన్న వయసావిడ, ముప్పై ఉంటాయేమో. కేరళ నుంచి వచ్చారు. నేను మొదలెట్టకముందే ఆవిడ డైరీ తెరిచి ఆ మాట మీద వేలు పెట్టి, "ఈ మాట కోసం నేను పావుగంట ఆలోచించాను సార్" అన్నారు.

పైనుంచి ఫిర్యాదు రాయమన్నారట. రాయకపోతే ఆవిడకి ఇబ్బంది. ఇన్సొలెంట్ అని రాయమన్నారట, అంటే పొగరుబోతు అని. ఆ మాట డైరీలో పడితే రేపు ఇంకెవరైనా చూస్తారు. బ్రేవ్ అని రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరు. "ఇది రాస్తే వాళ్ళు వాళ్ళకి కావలసినట్టు చదువుకుంటారు, మీరు మీకు కావలసినట్టు చదువుకుంటారనుకున్నాను" అన్నారు. ఆవిడ వీసా కూడా ఆ ఉద్యోగం మీదే ఉంటుందని నాకు అప్పుడు తట్టింది. ఆ పావుగంటలో ఆవిడ చేసింది ఏమిటి? ధైర్యమా, జాగ్రత్తా? రోజే గారి వీధిలో ఆ రెండు ఇళ్ళకీ మధ్య గోడ ఎంత పల్చగా ఉందో!

వల్లె వేసుకున్న వాక్యాలేవీ నాకు నోట రాలేదు. థాంక్స్ చెప్పి వచ్చేశాను. చెప్పకుండా వరసలోంచి వెళ్ళినందుకు పిల్ల చేత క్షమాపణ ఉత్తరం మాత్రం రాయించమన్నారు. ఆ సాయంత్రం రిహార్సల్ వేళ మారిందని కబురు వచ్చింది, ఇక నుంచి పొద్దున్న ఏడున్నరకి, హాల్లో. ఎందుకు మారిందో అందులో రాయలేదు.

ఉత్తరం రాయడానికి మా అమ్మాయి గంటసేపు కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. అనుమతి లేకుండా వరస వదిలి వెళ్ళినందుకు క్షమించండి అని రాసింది. అడిగినందుకు కూడా రాయాలా అని నన్ను అడిగింది. కాసేపు ఏమీ అనలేకపోయాను. అక్కర్లేదమ్మా అన్నాను చివరికి. సరేనని సంతకం పెట్టింది. ఉత్తరంలో ఆడేషస్ అన్న మాట వాడొచ్చా అని అడిగితే మాత్రం వద్దన్నాను.

డైరీలో తల్లిదండ్రుల సంతకం దగ్గర, మీరు రాసింది చదివాను, కృతజ్ఞతలు అని రాశాను. మా ఆవిడ చదివి, "కృతజ్ఞతలు దేనికి, తెలుస్తదా ఆమెకు?" అంది. తెలుస్తుందనే అనుకుంటున్నాను.

ఈ ప్రసంగం గురువారం రాత్రి రికార్డు చేస్తున్నాను. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మా ఆఫీసులో రెండో విడత తేదీ గురించి మీటింగు. స్లైడ్లు ఇప్పటికే మెయిల్‌లో వచ్చాయి. మూడో స్లైడులో ఆ మాట ఉంది. ఈసారి డేటా ఎంతవరకు సరిచూశామో ఒక పేజీలో అంకెలు వేసి పెట్టుకున్నాను, ఇంకా ఎవరికీ పంపలేదు. మా అమ్మాయి ఆ పేజీ చూసింది. ఏమీ అడగలేదు.

పదకొండు కావస్తోంది, కింద బఖాలా కూడా మూసేశారు. మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో ఇలాంటి పిల్లల్ని ఏ మాటతో పిలుస్తారో రేడియోకి రాసి పంపండి. పెంకి, గడుగ్గాయి, తెంపరి, ఇవి నా దగ్గర ఉన్నాయి. రాయలసీమ వాళ్ళవీ ఉత్తరాంధ్ర వాళ్ళవీ నాకు తెలియవు, అవి వినాలని ఉంది.